తుపాకీ ‘మిస్‌ఫైర్’ అయితే తప్పెవరిది?

‘గన్ మిస్‌ఫైర్, కానిస్టేబుల్ మృతి’. పేపర్లో ఈ హెడ్డింగ్ మీరు చూసే ఉంటారు. అసలు ఆ మాటే తప్పండి. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. నొక్కకుండానే పేలడం దానికి పూర్తిగా ఎదురు జబ్బు. రెండిటినీ ఒకే మాటలో కలిపేసి, కింద ‘శుభ్రం చేస్తుండగా’ అని ఓ ముక్క తగిలించి చేతులు దులిపేసుకుంటన్నాం. పోయినోడు లేచొచ్చి కాదని చెప్పలేడు కదా.

చాలాసార్లు మనిషి తప్పే, కాదన్ను. మ్యాగజైన్ తీసేశాం, ఖాళీ అయిపోయిందిలే అనుకుంటారు. ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోద్ది. కానీ ప్రతిసారీ మనిషిదే తప్పని ముందే తేల్చేస్తే మిషను సంగతి ఎవరు అడుగుతారు?

చేతి తుపాకీని నమ్మాలంటే నొక్కినప్పుడు పేలాలి, నొక్కనంతవరకూ కిందపడ్డా పేలకూడదు. ఈ రెండోదే కష్టం. పిస్టల్ వెనకవైపు నేలకి తగిలేలా పడిందనుకోండి. పిస్టల్ టక్కున ఆగిపోద్ది, ట్రిగ్గర్ మాత్రం బ్రేకేసిన బస్సులో మనం తూలినట్టు ఇంకాస్త కదుల్తుంది. ట్రిగ్గర్ బరువైందైతే, వేలు పెట్టి నొక్కినట్టే. అమెరికాలో సిగ్ సావర్ కంపెనీ పి320 పిస్టల్ ఒక కోణంలో పడితే పేలుతోందని బయటపడింది. 2017 ఆగస్టులో కంపెనీ తేలికపాటి ట్రిగ్గర్ ఉచితంగా మార్చిస్తామంది. రీకాల్ అనలేదు, ఇష్టమున్నోళ్ళు పంపుకోండి అంది. బలవంతం చేసే అధికారం అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థకి లేదు. 1972 నాటి చట్టమే తుపాకుల్ని దాని పరిధిలోంచి తప్పించేసింది. రొట్టెలు కాల్చే టోస్టర్ని వెనక్కి రప్పించొచ్చు, పిస్టల్‌ని కాదు!

మన దగ్గర దశాబ్దాలపాటు లైసెన్సుదారుడు కొత్త రివాల్వర్ కొనాలంటే సర్కారు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలే దిక్కు. ఆడవాళ్ళ రక్షణకంటూ 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన ‘నిర్భీక్’ ధర లక్షా ఇరవై రెండు వేల పైమాటే. అమ్మేది ఒక్కడే అయినప్పుడు సర్వీసు కోసం ఎవరిని నిలదీస్తాం? 1999 కార్గిల్ చలిలో ఇన్సాస్ రైఫిళ్ళు జామైపోయి, మ్యాగజైన్లు పగిలాయని జవాన్లు మొత్తుకున్నాకే ఆ లోపాలు జనానికి తెలిశాయి. 2021 అక్టోబరు 1న ఆ ఫ్యాక్టరీల్ని ఏడు కంపెనీలు చేశారు. బోర్డులు మారాయి.

చట్టం మాత్రం ఇక్కడే నయం. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టంలో తుపాకీకి మినహాయింపు లేదు. లోపమున్న సరుకు వల్ల హాని జరిగితే తయారీదారు జవాబు చెప్పాలి. ప్రమాదకరమైన సరుకుని వెనక్కి తీసుకోమని కేంద్ర అథారిటీ ఆదేశించొచ్చు. పెంటపాడులో లైసెన్సున్న ఆసామి బిల్లు పట్టుకుని జిల్లా కమిషన్ గుమ్మం ఎక్కొచ్చు.

స్టేషన్ సెంట్రీ సంగతో? బిల్లు అతని పేర ఉండదు. ఏ గన్ ఇస్తే అది పట్టుకోవాలి. అందుకే ఇలాంటి ప్రతి చావు విచారణలోనూ ఆ గన్ ఏ ఫ్యాక్టరీది, ఏ ఏడాదిది, ఆర్మరర్ చివరిసారి ఎప్పుడు చూశాడు, అదే లాట్‌లో వచ్చిన మిగతా గన్‌లని కిందపడేసి పరీక్షించారా అన్నది రాయాలి. రాసింది ఆ ఇంటోళ్ళ చేతికివ్వాలి.