గేమ్స్‌మాస్టర్ (టీవీ కార్యక్రమము)

గేమ్స్‌మాస్టర్ బ్రిటన్‌లో ఛానల్ 4 ప్రసారము చేసిన టెలివిజన్ కార్యక్రమము. పూర్తిగా వీడియో గేములకే కేటాయించిన కార్యక్రమాలలో ఇది ఆ దేశములో మొదటిదిగా పేరొందినది.

చరిత్ర

తొలి భాగము 1992 జనవరి 7న ప్రసారమైనది. డొమినిక్ డైమండ్ వ్యాఖ్యాత. ప్రముఖ ఖగోళ శాస్త్రవేత్త పాట్రిక్ మూర్ గేమ్స్‌మాస్టర్ పాత్రలో, తెరపై తల మాత్రమే కనిపిస్తూ, పోటీదారులకు సవాళ్ళు విసిరేవాడు. ప్రేక్షకుల సమక్షములో, క్రీడల వలె వ్యాఖ్యానముతో పోటీలు జరిగేవి. గెలిచినవారికి బంగారు రంగు జాయ్‌స్టిక్ బహుమతి. ఇంట్లో ఒంటరిగా ఆడుకునే ఆట ఈ విధముగా అందరూ చూసే పోటీగా మారినది.

మూడవ విడతకు మెక్‌డొనాల్డ్స్ ప్రాయోజకత్వమును వ్యతిరేకించి డైమండ్ తప్పుకొనగా, డెక్స్టర్ ఫ్లెచర్ ఆ విడతను నిర్వహించాడు. నాలుగవ విడతకు డైమండ్ తిరిగి వచ్చాడు. ఏడు విడతల తరువాత, 1998లో కార్యక్రమము ముగిసినది.

పునఃప్రారంభము

మూర్ 2012లో మరణించాడు. 2021లో కార్యక్రమమును పునరుద్ధరించినపుడు ఆయన పాత్రను ట్రెవర్ మెక్‌డొనాల్డ్ పోషించాడు.