గృహచిత్రశాలకు స్పర్శతెర రిమోట్: తెలుగు ఇంటికి తగిన రూపకల్పన

వ్యాససంగ్రహం:
టీవీ, సెట్‌టాప్ బాక్సు, యాంప్లిఫయరు కలిసిన హోమ్ థియేటర్‌ను ఒకే స్పర్శతెరతో నడిపే రిమోట్ రూపకల్పనలో పాటించవలసిన సూత్రాలను ఈ వ్యాసం వివరిస్తుంది. మండపేట వంటి గోదావరి డెల్టా పట్టణంలోని ఒక మధ్యతరగతి ఇంటిని ఊహించి, అక్కడి అవసరాలకు ఆ సూత్రాలను అన్వయిస్తుంది.

కీలకపదాలు: స్పర్శతెర, రిమోట్, పరారుణ సంకేతం, తెలుగు లిపి, వృద్ధులు.

1. ఉపోద్ఘాతం:
రాబర్ట్ ఆడ్లర్ 1956లో జెనిత్ సంస్థకు రూపొందించిన అతిధ్వని రిమోట్‌కు ఉన్న మీటలు నాలుగే. నేడు హోమ్ థియేటర్ ఉన్న ఇంట్లో మూడు నాలుగు రిమోట్లు, వాటిపై వందకు పైగా మీటలు కనిపించడం సాధారణం. పిల్లలు బడికి, పెద్దలు పనికి వెళ్ళాక ఇంట్లో మిగిలేది వృద్ధులే. ఏ రిమోట్ ముందు నొక్కాలో తెలియక, సాయంత్రం ఎవరైనా వచ్చేదాకా టీవీ ఆపుకొని కూర్చోవలసి వస్తే ఆ లోపం వారిది కాదు, రూపకల్పనది.

2. పరికరం కాదు, పని:
తెరపై పరికరాల పేర్లకు బదులు ఇంటివారు చేసే పనుల పేర్లు ఉండాలి. ‘వార్తలు’, ‘సినిమా’, ‘భక్తి పాటలు’, ‘అన్నీ ఆపు’ అనే నాలుగు మీటలు మొదటి తెరకు చాలు. ‘సినిమా’ నొక్కగానే టీవీ, యాంప్లిఫయరు వెలగడం, సరైన హెచ్‌డీఎమ్‌ఐ మార్గం ఎంపిక కావడం వరుసగా జరగాలి. వెలిగిన వెంటనే టీవీ తదుపరి ఆజ్ఞను స్వీకరించకపోవచ్చు కనుక ఆజ్ఞల నడుమ కొన్ని క్షణాల విరామం అవసరం.

3. కరెంటు పోయి వచ్చినప్పుడు:
పరారుణ రిమోట్ ఏకముఖమైనది. ప్రసిద్ధమైన ఎన్‌ఈసీ పద్ధతిలో 38 కిలోహెర్ట్జ్ తరంగంపై 32 బిట్ల సంకేతం వెళ్తుంది. అది చేరిందో లేదో రిమోట్‌కు తెలియదు. పైగా అనేక పరికరాలలో వెలిగించడానికి, ఆపడానికి సంకేతం ఒక్కటే. కరెంటు పోయినప్పుడు టీవీ ఇన్వర్టరుపై వెలుగుతూ, యాంప్లిఫయరు మాత్రం ఆగిపోయిందనుకుందాం. రిమోట్ లెక్కలో రెండూ వెలుగుతూనే ఉంటాయి. అప్పుడు ‘అన్నీ ఆపు’ నొక్కితే టీవీ ఆగుతుంది; కరెంటు వచ్చి ఉంటే యాంప్లిఫయరు వెలుగుతుంది.

దీనికి మూడు పరిష్కారాలున్నాయి. వెలిగించడానికి, ఆపడానికి వేర్వేరు సంకేతాలుంటే వాటినే వాడాలి. హెచ్‌డీఎమ్‌ఐ తీగలోని సీఈసీ మార్గానికి పరికరాల మద్దతు ఉంటే వాటి స్థితిని అడిగి తెలుసుకోవాలి. ఈ రెండూ లేనిచోట ‘సరిచేయి’ అనే మీటనిచ్చి, “టీవీ వెలిగిందా?” అని ఒక్కొక్కటిగా అడగాలి.

4. తెలుగు లిపి, వేలి కొలత:
ఆండ్రాయిడ్ మార్గదర్శకాల ప్రకారం మీట కనీస కొలత దాదాపు 9 మిల్లీమీటర్లు. వణికే వేళ్ళకు అంతకన్నా పెద్దది మేలు. లక్ష్యం పెద్దదైతే, దగ్గరైతే చేరడం తేలికని పాల్ ఫిట్స్ 1954లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ వర్తిస్తుంది.

ఆంగ్లాక్షరాల ఎత్తుకు కొలిచిన మీటలో తెలుగు ఇమడదు. గుడులు పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి. అడుగు తెగితే ‘శబ్దం’ ‘శబం’గా, ‘తగ్గించు’ ‘తగించు’గా కనిపిస్తాయి. అందుచేత వరుస ఎత్తును తెలుగుకే కొలవాలి. పదాన్ని కుదించడం కన్నా పొట్టి పదాన్ని ఎంచుకోవడం ఉత్తమం.

5. స్పర్శతెర పరిమితి:
నునుపైన గాజుపై వేలు మీటను తడిమి గుర్తించలేదు. చీకటి గదిలో, చూపు మందగించిన వారికి ఇది పెద్ద ఇబ్బంది. కాబట్టి శబ్దం పెంచే, తగ్గించే, పూర్తిగా ఆపే మీటలైనా చేతికి తగిలేవిగా ఉండాలి.

6. ముగింపు:
• తెర పనుల ప్రకారం అమరాలి. అరుదైన అమరికలు రెండవ తెరకు పోవాలి.
• పరికరాల స్థితిని ఊహించక నిర్ధారించుకోవాలి.
• లిపి కొలతలు తెలుగువే కావాలి.
• సంకేతాల ప్రతిని ఇంట్లో భద్రపరచాలి. హార్మొనీ రిమోట్ల తయారీని లాజిటెక్ 2021లో నిలిపివేయడం గమనిస్తే ఈ జాగ్రత్త అవసరం బోధపడుతుంది.

ఇంట్లో అందరికన్నా తక్కువ పరిచయమున్న వ్యక్తి, పక్కన ఎవరూ లేనప్పుడు, తనకు కావలసిన పాటను వినగలగడమే ఈ రూపకల్పనకు అసలైన పరీక్ష.