ఓడలలో పాత మోకు

చేదత్రాడు బావిగట్టున ఒరసికొని సగము తెగినప్పుడు మన యిండ్లలో దానిని పారవేయరు. బాగున్న ముక్క పెయ్యకు పలుపగును. పలుపు పాతబడినచో కడవ క్రింద కుదురగును. బలము తగ్గినకొలది త్రాటికి తేలిక పని చెప్పుట పెద్దలగు మీరెరిగిన మర్యాదయే. తెరచాప యోడలవారు ఈ మర్యాదను ఎంతదూరము సాగించిరో, దానివలన ఒక యోడ యెట్లు బ్రతికి బయటపడెనో చెప్పుటయే నా యుద్దేశము.

ఆ యోడలలో త్రాడు లేని పని లేదు. ఇంగ్లండులో పోర్ట్‌స్మత్ రేవున నేటికిని నిలిపియుంచిన విక్టరీ యను పాత యుద్ధనౌకకు తెరకొయ్యలు నిలుపుటకును, తెరచాపలు ఆడించుటకును సుమారు 26 మైళ్ల త్రాడు పట్టెడిది. నాటి ఓడత్రాళ్లలో హెచ్చుభాగము గంజాయి మొక్కనుండి తీసిన నారతో పేనినవి. నీటికి చెడకుండ వానికి తారు పట్టించెడివారు. నారను పోగులుగా వడికి, పోగులను పురులుగాను, పురులను మోకుగాను పేనుదురు. ఒరసికొని చెడునవి పైపోగులే. లోపలి పోగులు చాలకాలము గట్టిగానుండును. కనుక పాత మోకును నరికి, పురి విప్పి, మంచి పోగులను ఏరి, మరల సన్నని త్రాళ్లుగా పేనెడివారు. తక్కిన ముక్కలతో చాపలల్లి, త్రాడు కొయ్యకు ఒరసికొను చోట్ల చుట్టెడివారు. రేవుగోడ తగిలి ఓడ దెబ్బతినకుండ ప్రక్కలను వ్రేలాడదీయు మెత్తలు చేసెడివారు. బల్లలు కడుగు కుంచెలు కట్టెడివారు. ఇట్టి ముక్కలకే ఆంగ్ల నావికులు 'జంకు' అని పేరిడిరి. పనికిమాలిన ప్రతి వస్తువును నేడు జంకు అనుట ఆ మాటకు జరిగిన అన్యాయమని నాకు తోచును.

ఇక దేనికిని కొరగాని పోగులను వ్రేళ్లతో పీచుపీచుగా చీల్చెడివారు. ఈ పీచునకు ఓకము అని పేరు. కొయ్యయోడకు ప్రాణమిదియే. పలకకును పలకకును నడుమ సందులో దీనిని ఉలివంటి యినుపముక్కతో దిట్టముగా కూరి, పైన కాగిన కీలు పోయుదురు. పలకలు తడిసి ఉబ్బినకొలది పీచు మరింత బిగియును.

1770వ సంవత్సరము జూన్ 11వ తేదీ రాత్రి, కెప్టెన్ కుక్ నడుపుచున్న ఎండెవర్ యను ఓడ ఆస్ట్రేలియా తూర్పుతీరమున పగడపు దిబ్బ నెక్కి అడుగున చిల్లిపడెను. ఫిరంగులను, బరువులను సముద్రమున పారవేసి, మరునాటి రాత్రికి ఓడను విడిపించిరి. కాని నీరు లోనికి వచ్చుచునే యుండెను. అందరును వంతులు వేసికొని తోడి తోడి అలసిపోయిరి. అప్పుడు జోనతన్ మంక్‌హౌస్ అను యువనావికుడు తాను లోగడ చూచిన ఉపాయ మొకటి చెప్పెను. ఓకమును, ఉన్నిని సన్నముగా తరిగి కలిపి, పిడికెడు పిడికెడుగా తెరచాపపై అంటించి, దానిపై గొఱ్ఱెపేడ చల్లి, ఆ తెరచాపను త్రాళ్లతో ఓడ అడుగునకు లాగిరి. లోనికి జొరబడు నీటి వడియే పీచును చిల్లిలోనికి ఈడ్చి సందు మూసెను! మూడు పంపులు ఆడింపవలసి వచ్చినచోట తరువాత ఒక్కటి చాలెను. పిదప ఒక నదీముఖమున ఓడను గట్టు చేర్చి చూడగా, చిల్లిలో పెద్ద పగడపురాయి యొకటి ఇరుకుకొనియుండెను. మిగిలిన సందులలో ఆ పీచు చేరియుండెను. అదృష్టమును నమ్మువారు రాతిని మెచ్చుకొనవచ్చును. నా మెప్పు మాత్రము పాత మోకునకే.

అయితే ఆ పీచు తీయుట సుఖమైన పని కాదు. తారు పట్టిన పాత మోకు కట్టెవలె నుండును. దానిని చీల్చువారి వ్రేళ్లు చిట్లి నెత్తురు కారును. అందుచేతనే 19వ శతాబ్దమున ఇంగ్లండులో ఈ పని ఖైదీలచేతను, దరిద్రుల శాలలలోని వారిచేతను చేయించిరి. ప్రసిద్ధ నాటకకర్త ఆస్కార్ వైల్డ్ 1895లో చెరసాల పాలైనప్పుడు ఆయన చేతికిని ఈ మోకు ముక్కలే వచ్చినవి. పొదుపు మెచ్చుకొనునప్పుడు ఈ వ్రేళ్లను గూడ లెక్కలో చేర్చుట న్యాయము.

ఇనుపయోడలు వచ్చి పలకల సందులు పోయినవి; ఓకముతో పనియు తగ్గినది. నారత్రాటి చోట నైలాను నిలిచినది. నార తుదకు చివికి మట్టిలో కలియును. నైలానునకు ఆ గుణము లేదు. మన తూర్పుతీరమునకు గ్రుడ్లు పెట్ట వచ్చు తాబేళ్లు, సముద్రమున విడిచిన వలలలోను త్రాళ్లలోను చిక్కుకొని చచ్చుచున్నవి. కనుక తెగిన నైలాను త్రాటిని నీటిలో వదలక ఒడ్డునకు తెచ్చినచో దానితో మంచము నేయవచ్చును, వాకిట వేయు పట్ట అల్లవచ్చును. కోసిన కొసకు కొంచెము నిప్పు చూపిన, అది కరగి గడ్డకట్టి, పురి విడిపోకుండ నిలుచును.