ఈ ఒళ్ళు ఎవరిది? అదుపు ఎవరిది?

“నా ఒళ్ళు నాది” అనే మాట మనం పెద్దగా ఆలోచించకుండానే అనేస్తుంటాం. ఆ మాట అనుకునే వీలు ఈ దేశంలో ఎవరికి ఉందో, ఎవరికి లేదో ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే 1990ల చివర్నుంచి మనస్తత్వ శాస్త్రవేత్తలు, మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళు ఈ మాటనే ప్రయోగశాలలో పెట్టి విప్పి చూస్తున్నారు. అందుకు వాళ్ళకి బాగా అక్కరకొచ్చిన పనిముట్టు వర్చువల్ రియాలిటీ. కళ్ళకి ఒక పెట్టె తగిలించుకుంటే లేని లోకాన్ని ఉన్నట్టు చూపించే యంత్రం అది. పిల్లల ఆటవస్తువనో, డబ్బున్నవాళ్ళ సరదా అనో దాన్ని పక్కన పెడితే నష్టం మనకే. ఎందుకంటే దాని చుట్టూ జరిగిన పరిశోధన శరీరం గురించి, చూపు గురించి, తాకడం గురించి. కులం కూడా సరిగ్గా ఈ మూడింటి మీదే నిలబడింది.

ముందు రెండు విషయాలు విడదీయాలి. ఈ ఒళ్ళు నాదే అనే ఎరుక ఒకటి. ఈ ఒళ్ళు నేను అనుకున్నట్టు కదులుతోందనే ఎరుక ఇంకొకటి. మొదటిది సొంతం, రెండోది అదుపు. రెండూ ఒకటే అనిపిస్తుంది గాని కాదు. ఎవరో మన చెయ్యి పట్టుకుని పైకి లేపితే లేచిన చెయ్యి మనదే, లేపింది మాత్రం మనం కాదు. గోదావరి డెల్టాలో ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకి ఈ తేడా ఏ ప్రయోగశాలా చెప్పాల్సిన పని లేదు. ఒళ్ళు తనదే. దాన్ని కోడికూతకి లేపేదీ, చీకటి పడ్డాక వదిలేదీ కామందు.

1998లో బోట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం చాలా చిన్నది. మనిషిని బల్ల ముందు కూర్చోబెట్టారు. అతని ఎడమ చెయ్యి కనపడకుండా మధ్యలో అడ్డు పెట్టారు. కళ్ళెదురుగా ఒక రబ్బరు చెయ్యి పెట్టారు. రెండు చిన్న కుంచెలు తీసుకుని, దాచిన చేతి మీదా, రబ్బరు చేతి మీదా ఒకే చోట, ఒకే సమయంలో రాస్తూ పోయారు. కాసేపటికి కుంచె స్పర్శ రబ్బరు చేతి మీదే తెలుస్తున్నట్టు, ఆ చెయ్యి తనదే అయినట్టు ఆ మనిషికి అనిపించింది. కళ్ళు మూసుకుని నీ ఎడమ చెయ్యి ఎక్కడుందో చూపించమంటే అసలు చోటు కాక, రబ్బరు చెయ్యి ఉన్న వైపుకి జరిపి చూపించాడు. రెండు కుంచెల తాళం తప్పిస్తే మాత్రం ఈ భ్రమ బాగా తగ్గిపోయింది. అంటే “ఇది నాది” అనేది పుట్టుకతో ముద్ర వేసి ఇచ్చినది కాదు. కంటికి కనపడేదీ, చర్మానికి తెలిసేదీ ఒకదానితో ఒకటి కలిసినప్పుడు మెదడు నిమిషాల్లో కట్టుకునే లెక్క అది.

వర్చువల్ రియాలిటీ పెట్టె ఈ పనినే ఒక్క చేతికి కాక ఒళ్ళంతటికీ చేస్తుంది. రెండు కళ్ళకీ విడివిడిగా రెండు బొమ్మలు చూపిస్తుంది. తల ఎటు తిప్పితే లోకం అటు తిరుగుతుంది. తలకీ బొమ్మకీ మధ్య ఆలస్యమైతే కళ్ళు తిరుగుతాయి, భ్రమ చెడుతుంది. ఆలస్యం లేకపోతే, కిందికి చూసుకున్నప్పుడు కనపడే ఒళ్ళు, అది ఎవరిదైనా సరే, మనదనిపిస్తుంది. మెల్ స్లేటర్ బృందం 2010లో మగవాళ్ళని ఒక చిన్నపిల్ల ఒంట్లో కూర్చోబెట్టింది. బొమ్మలో ఆ పిల్లని కొడితే వీళ్ళ గుండె లయ మారింది. అంతకు ముందే, 2007లో, యీ, బెయిలెన్సన్ అనేవాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. పొడుగాటి ఒళ్ళు ఇచ్చినవాళ్ళు డబ్బు పంచుకునే బేరంలో గట్టిగా నిలబడ్డారు. పొట్టి ఒళ్ళు ఇచ్చినవాళ్ళు అన్యాయమైన వాటాకి కూడా ఒప్పేసుకున్నారు. ఒక పూట అరువిచ్చిన ఒళ్ళే మనిషి బేరాన్ని మార్చేస్తే, పుట్టిందగ్గర్నుంచీ “నువ్వు ఇంతే, కింద కూర్చో” అని చెప్పించుకున్న ఒళ్ళు కూలి రేటు అడిగేటప్పుడు ఎలా నిలబడుతుందో ఆలోచించండి. అలాంటి ఒళ్ళుతో కూడా మనవాళ్ళు ఊడుపులప్పుడు కూలి పెంచమని గట్టు మీద నిలబడి అడిగారంటే, అది ఏ శాస్త్రవేత్తా కొలవని బలం.

ఈ యంత్రాల్లో మనం తొడుక్కునే బొమ్మ ఒంటికి వాళ్ళు పెట్టిన పేరు ‘అవతార్’. మన పురాణాల మాటే. దేవుళ్ళకి అవతారాలు. ఏ ఒంట్లో దిగాలో, ఎప్పుడు వదిలెయ్యాలో వాళ్ళిష్టం. మనకి మాత్రం జన్మలు, కర్మలు. కంప్యూటరు వాళ్ళు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గాని సరైన పేరే పెట్టారు.

ఒళ్ళు ఒకచోట, గొంతు ఇంకోచోట ఉండే ఏర్పాటు మన రాజమండ్రికి ఎప్పుడో వచ్చింది. 1915-16 ప్రాంతంలో గుర్రం జాషువా బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ ఊరొచ్చి మూకీ సినిమాలకి వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మలు పెదవులు కదుపుతుంటే, కథకి తగ్గట్టు సంభాషణలు చదవడం ఆయన పని. తెర మీద ఒళ్ళొకరిది, వినపడే మాట ఇంకొకరిది. రెండూ తాళం కలిస్తే చూసేవాళ్ళకి ఒకే మనిషి. రబ్బరు చెయ్యి ప్రయోగంలో కుంచెలు చేసిన పని ఇక్కడ గొంతు చేసింది. ఎదురుగా నిలబడితే కులం అడిగే సమాజం, బొమ్మ నోట్లోంచి వస్తే అదే గొంతుని కులం అడక్కుండా విన్నది. పాతికేళ్ళ తర్వాత 1941లో వచ్చిన ‘గబ్బిలం’లోనూ ఈ చిక్కే ఉంది. గుళ్ళోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చేరవెయ్యడానికి గబ్బిలాన్ని పంపుతాడు. గుడి గబ్బిలాన్ని ఆపదు. రెక్కలున్న ఒళ్ళు లోపలికి పోయింది, మాట లోపలికి పోయింది, మనిషి బయటే ఉన్నాడు. మారు ఒళ్ళు ఎందాకా తీసుకెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో జాషువా ఆనాడే చూపించాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2013లో స్లేటర్ బృందమే తెల్ల చర్మం వాళ్ళకి నల్ల ఒళ్ళు తొడిగింది. లోలోపలి జాతి వివక్షని కొలిచే పరీక్షలో వాళ్ళ వివక్ష తగ్గినట్టు కనపడింది. 2016లో ఇంకో ప్రయోగంలో ఆ మార్పు వారం తర్వాత కూడా నిలిచింది. 2015లో క్రిస్ మిల్క్ అనే సినిమా దర్శకుడు ఈ యంత్రాన్ని సానుభూతి పుట్టించే యంత్రమన్నాడు. ఇంకేముంది, ఒకరి బాధ ఇంకొకరికి తొడిగేస్తే లోకం మారిపోతుందని చాలామంది సంబరపడ్డారు. కానీ 2009లోనే ఎదురు ఫలితం వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో నల్ల ఒళ్ళు తొడిగితే వివక్ష తగ్గలేదు సరికదా, పెరిగింది. 2020లో స్లేటర్ వాళ్ళే చుట్టూ ఉన్న జనం విముఖంగా ఉండే సన్నివేశం పెట్టి చూస్తే అక్కడా మంచి ఫలితం తిరగబడింది. ఒళ్ళు మారడం ఒక్కటే చాలదు, ఆ ఒంటితో ఎదుటివాళ్ళు ఎలా మసులుకుంటారన్నదే తేలుస్తుందని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది. లీసా నకమురా 1995లోనే, కంప్యూటర్లలో అక్షరాలతో ముచ్చట్లాడుకునే రోజుల్లోనే, పరాయి జాతి వేషం కట్టి తిరగడాన్ని ఒక రకం పర్యాటకం అంది. యాత్రికుడికి తిరుగు టిక్కెట్టు ఉంటుంది.

రేపు ఎవరైనా ఇదే పద్ధతిలో “దళితుడిగా పది నిమిషాలు” అని ఒక పెట్టె తెచ్చి కాలేజీలో పెట్టారనుకుందాం. కిందికి చూసుకుంటే ఏం కనపడాలి? చేతికి ఏ రంగు వెయ్యాలి? కులం చర్మం మీద లేదు. పేటలో ఉంది, ఇంటి పేరులో ఉంది, “మీదే వూరు, ఎవరి తాలూకు?” అనే ప్రశ్నలో ఉంది. 2022 మే నెలలో జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చడం మీద అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్ళు తగలబెట్టారు. ఒంటితో పని లేదు, పేరు చాలు. కాబట్టి పెట్టెలో చూపించాల్సింది దళితుడి ఒళ్ళు కాదు, ఎదుటివాడి చెయ్యి. నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసే చెయ్యి, చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పడేసే చెయ్యి. సుందర్ సరుక్కై అంటరానితనం గురించి రాస్తూ, అది ముట్టనివాడి దగ్గర పుట్టి, ముట్టబడనివాడి మీద మోపబడుతుందని వాదించాడు. ఆ వాదన ప్రకారం అగ్రకుల విద్యార్థికి పరాయి ఒళ్ళు అరువివ్వడం దేనికి? వాడి ఒళ్ళు వాడికే చూపించాలి. తన చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి జరుగుతుంటే కళ్ళారా చూసుకోమనాలి.

అదుపు సంగతి ఇంకా కఠినం. 1996 డిసెంబరు 29న అప్పటి తూర్పుగోదావరి జిల్లా రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకుల్ని హింసించి, వాళ్ళలో ఇద్దరికి బలవంతంగా గుండు గీయించారు. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 18 నెలల జైలుశిక్ష వేస్తూ తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్‌లో, 27 ఏళ్ళకి. 2020 జులైలో సీతానగరం పోలీసు స్టేషన్లో మళ్ళీ ఒక దళిత యువకుడికి శిరోముండనం జరిగింది. ఇదే గోదావరి జిల్లాల జనం అన్నవరం వెళ్ళి, తిరుపతి వెళ్ళి ఇష్టంగా తల ఇచ్చి వస్తారు. కత్తి అదే, తల అలాంటిదే, ఊడి పడే జుట్టూ అలాంటిదే. ఒకటి మొక్కు, ఇంకొకటి దౌర్జన్యం. తేడా అంతా తల ఎవరు వంచారన్న దగ్గరే ఉంది. శాస్త్రవేత్తలు ‘అదుపు’ అంటున్నది దీన్నే. ఈ పెట్టె గుండు చూపించగలదు, అద్దంలో బోడితల చూపించి ఒళ్ళు జలదరింపజెయ్యగలదు. ఆ తలని పట్టుకున్న చేతుల్ని విదిలించుకోలేకపోవడం మాత్రం చూపించలేదు. పెట్టె తీసి పక్కన పెట్టే వీలు తొడుక్కున్నవాడికి చివరిదాకా ఉంటుంది.

అయినా ఈ పరిశోధనని మనం వదులుకోకూడదు. శరీరపు సరిహద్దు ఇంత సులువుగా కదులుతుందని తేలడం, కొన్ని ఒళ్ళు పుట్టుకతోనే మైల అనేవాళ్ళకి ఇబ్బందికరమైన సంగతి. పది నిమిషాల్లో రబ్బరుని “నాది” అనుకోగల మెదడు, పక్కింటి మనిషిని నూరేళ్ళయినా “మనవాడు” అనుకోలేకపోతోందంటే లోపం మెదడులో లేదు. దానికి నేర్పిన పాఠంలో ఉంది.

టీచర్లకి ఒక మాట. దీనికి వేల రూపాయల యంత్రం అక్కర్లేదు. రబ్బరు తొడుగులో ఇసకో, దూదో కూరండి. ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. రెండు కుంచెలు చాలు. ఊరి పిల్లల్నీ, పేట పిల్లల్నీ జతలుగా ఎదురెదురు కూర్చోబెట్టి ఒకరి చేతి మీద ఒకరిని రాయమనండి, తర్వాత చోట్లు మార్చండి. ఎవరు ఎవరి ఎదురుగా కూర్చోడానికి వెనకాడారో గమనించండి. పైకి అనకండి, రాసిపెట్టుకోండి. రెండో రోజు కుంచెలు తీసేసి, వేలితో రాయమనండి.