సంఖ్యలతో కట్టిన తల

1980లో లండన్‌లో మెర్టన్, మోర్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మాడు మీద ఎలక్ట్రోడులు పెట్టి, ఒక్క క్షణం అధిక వోల్టేజి ఇచ్చారు. కండరం కదిలింది. నొప్పి మాత్రం ఓర్చుకోలేనిది. పుర్రె ఎముక కరెంటును అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. దారి దొరకని కరెంటు చర్మం వెంట పాకుతుంది, నొప్పి నరాలను రేపుతుంది.

1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం వేరే దారి పట్టింది. తల మీద తీగచుట్ట పెట్టి, అందులోకి వేల ఆంపియర్ల కరెంటును రెప్పపాటు కన్నా తక్కువ సేపు వదిలారు. అయస్కాంత క్షేత్రానికి ఎముక అడ్డే కాదు. అది మారే వేగానికి, ఫారడే 1831లో చూపినట్టే, మెదడులో విద్యుత్తు పుట్టింది. చేతివేళ్లు కదిలాయి, నొప్పి పెద్దగా లేదు.

కానీ ఆ విద్యుత్తు మెదడులో ఎక్కడ తగిలింది? ఆరోగ్యంగా ఉన్న మనిషి తలలోకి తీగ దించి చూడలేం కదా. లెక్క కట్టడమొక్కటే దారి.

ఆ లెక్క బార్కర్ యంత్రం కన్నా పాతది. 1968లోనే రష్, డ్రిస్కాల్ తలను ఒకదానిలో ఒకటి ఇమిడిన గోళాలుగా ఊహించారు: మెదడు, ఎముక, చర్మం. అచ్చం కొబ్బరికాయ! ఎముక మెదడు కన్నా 80 రెట్లు ఎక్కువ నిరోధిస్తుందనుకున్నారు. తరువాతి కొలతలు ఆ సంఖ్యను బాగా తగ్గించాయి. అయినా గోళం ఒక గట్టి నిజం చెప్పింది. బయటి తీగచుట్ట పుట్టించే విద్యుత్ క్షేత్రం గోళం మధ్యలో సున్నా. పై పొరను వదిలి లోతున మాత్రమే బలంగా తగిలేలా చుట్టను ఎలా మలిచినా కుదరదు.

మన తల గోళం కాదు. ఎంఆర్‌ఐ చిత్రాలు వచ్చాక, ఒక్కో మనిషి తలనూ కంప్యూటర్లో లక్షల చిన్న చిన్న నాలుగు ముఖాల ముక్కలుగా కోస్తున్నారు. ప్రతి ముక్కకూ దాని వాహకత: మీటరుకు ఇన్ని సీమెన్సులని. బూడిద పదార్థానికి సుమారు 0.28, తెల్ల పదార్థానికి 0.13, ఎముకకు 0.01, మెదడు చుట్టూ ఉన్న ద్రవానికి 1.65. ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఎముకకూ మెదడుకూ మధ్య కొద్ది మిల్లీమీటర్ల నీటిపొర అది. బూడిద పదార్థం కన్నా ఆరు రెట్లు తేలిగ్గా కరెంటును పోనిస్తుంది కనుక, మాడు మీది ఎలక్ట్రోడుల నుంచి వచ్చిన కరెంటులో కొంత భాగం మెదడును వదిలి ఆ నీటిలోనే కాలువలా సాగిపోతుంది. మనిషి వెల్లకిలా పడుకుంటే మెదడు కాస్త వెనక్కి దిగి, వెనకవైపు ఆ పొర పలచబడుతుంది. లెక్కలో ఆ తేడా కనబడుతుంది.

ఈ లెక్కలు నిజమేనా అని 2017లో న్యూయార్క్‌లో సరిచూశారు. మూర్ఛ చికిత్స కోసం అప్పటికే మెదడులో ఎలక్ట్రోడులు అమర్చిన పదిమంది తలలకు బయటి నుంచి 2 మిల్లీ ఆంపియర్లు ఇచ్చి లోపల కొలిచారు. మీటరుకు ఒక వోల్టు కూడా రాలేదు. తీగచుట్ట అయితే వంద దాకా పుట్టిస్తుంది. తెల్ల పదార్థంలో నరాల దిశలన్నీ నమూనాలో చేర్చినా లెక్క మెరుగుపడలేదు. ఒక్కో మనిషి తల ఆకారాన్ని లెక్కలోకి తీసుకోవడం, వాహకత అంకెలను సరిదిద్దుకోవడమే ముఖ్యమని తేలింది. నాకు ఈ ఫలితమంటే చాలా గౌరవం.

ఇక తీగచుట్ట సంగతి: 2008లో అమెరికా ఔషధ సంస్థ దానితో చేసే చికిత్సను కుంగుబాటుకు అనుమతించింది. చేతి బొటనవేలు కదిలేంత బలం ఎంతో చూసుకుని, ఆ చోటి నుంచి చుట్టను 5 సెంటీమీటర్లు ముందుకు జరిపి చికిత్స చేసే పద్ధతి అప్పట్లో స్థిరపడింది. ఒకరి తలలో ఆ చోట మెదడు చర్మానికి దగ్గర, మరొకరిలో దూరం. టేపు మాత్రం ఇద్దరికీ అదే 5 సెంటీమీటర్లు చూపుతుంది.