మైకు వెనుకనున్న తొలి ట్రాన్సిస్టరు

ఎస్. రాయవరము 1862లో గురజాడ అప్పారావుగారు జన్మించిన గ్రామము. ఆయన రచించిన ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున తొలిసారి రంగమెక్కిన నాడు, కడపటి వరుసలోని ప్రేక్షకునకు మాట వినిపించుటకు నటుని ఊపిరి తప్ప వేఱొక సాధనము లేదు. నేడు అదే రాయవరమునందైనను, చుట్టుపట్ల ఏ ఊరనైనను, హరికథ గాని, భజన గాని, పెండ్లి గాని మైకుసెట్టు లేనిదే సాగదు. కంఠమునకు జరుగవలసిన న్యాయమంతయు మిక్సరునందలి తొలి ట్రాన్సిస్టరు చేతిలో నున్నదనుట అతిశయోక్తి కాదు.

పాటకుని కంఠధ్వని మైకులోని పలుచని పొరను కదల్చగా, దానికంటిన తీగచుట్ట అయస్కాంతక్షేత్రమున చలించి పుట్టించు విద్యుత్తు ఒకటి రెండు మిల్లీవోల్టులు మాత్రమే. పెద్ద ఆంప్లిఫయరు సుమారొక వోల్టు కోరును. ఆ వేయి రెట్ల వృద్ధిని సాధించు భారము ప్రీఆంప్లిఫయరుది. అయితే ప్రకృతియే ఇచ్చట ఒక హద్దు గీసినది. ప్రతి నిరోధము తన ఉష్ణము వలననే సన్నని బుసను పుట్టించునని జాన్సను ప్రయోగపూర్వకముగా చూపగా, నైక్విస్టు 1928లో గణితమున నిరూపించెను. ఆ లెక్క ప్రకారము 200 ఓముల మైకుచుట్ట వినదగిన ధ్వనుల పరిధియంతటను కలిపి పావు మైక్రోవోల్టు మేర రొద చేయును. దీనికి తొలి దశ తాను చేర్చు రొద ఎంతయో, అది ఇక పోదు. నారుమడిలోనే ఊదగడ్డి కలిసినచో పిదప వేసిన ఎరువు రెంటిని సమానముగా పెంచినట్లు, తరువాతి దశలన్నియు స్వరమును, రొదను ఒకే పాళ్ళలో పెంచుకొనిపోవును.

మన దేశమున మైకుసెట్టులు బాగుచేయువారికి చిరపరిచితమైన బి.సి. 148 వంటి సిలికాను ట్రాన్సిస్టరును 12 వోల్టులపై నడుపుచున్నామనుకొందము. కలెక్టరున 4.7 కిలో ఓములు, ఎమిటరున 1 కిలో ఓము, బేసునకు 47, 8.2 కిలో ఓముల జంట అమర్చినచో సుమారు 1.1 మిల్లీ ఆంపియరు ప్రవహించి, ఎమిటరు వద్ద ఒక వోల్టునకు కొంచెము పైన, కలెక్టరు వద్ద ఏడింటికి దగ్గరగా మీటరు చూపును. ట్రాన్సిస్టరు లోపల ఎమిటరునకు స్వతస్సిద్ధమైన చిన్న నిరోధ మొకటి గలదు. 26ను మిల్లీ ఆంపియరులతో భాగింపగా వచ్చు ఓములు దాని విలువ, ఇచ్చట సుమారు 24. ఎమిటరు రెసిస్టరునకు ప్రక్కగా పెద్ద కండెన్సరు ఉన్నంతకాలము, తరువాతి దశ భారమును విడిచి లెక్కించినచో, 4700ను 24తో భాగింపగా వచ్చు దాదాపు రెండువందల రెట్లే ఈ దశ వృద్ధి. ఆ కండెన్సరును తీసివేసినచో అయిదు రెట్లు కూడ మిగులదు.

రెండువందల రెట్లు వచ్చినవి గదా యని సంతసింపరాదు. ఇట్టి దశకు బేసు వద్ద శిఖరమున ఒక్క మిల్లీవోల్టు అందినచో ఇంచుమించు ఒక శాతము ద్వితీయానుస్వరము (సెకండ్ హార్మోనిక్) స్వరమునకు తోడగును. హరిదాసు మైకును పెదవులకానించి ఎలుగెత్తినపుడు పది మిల్లీవోల్టులు వచ్చుట అరుదు కాదు; అప్పుడు పదియవవంతు నాదము ఆయనది కాదన్నమాట. దీనికి మందు మిక్కిలి చిన్నది: కండెన్సరు పరిధికి వెలుపల, ఎమిటరునకు వరుసగా 100 ఓముల రెసిస్టరు. వృద్ధి నలుబదిలోపునకు దిగును, ఆ పది శాతము అర శాతములోపునకు తగ్గును. ఇందులకు చెల్లింపవలసిన మూల్యమును గలదు. ఆ 100 ఓములు మైకు 200 ఓములకు కలిసి తమ బుసను తాము చేర్చును, రొద సుమారు అయిదవవంతు పెరుగును. కావున నోటికానించు మైకునకు 100 ఓములు, నాటకరంగమున దూరముగా నిలిపిన మైకునకు 22 ఓములు గాని అసలేమియు లేకుండుట గాని మేలని నా తీర్పు.

కండెన్సరు విషయమున జరుగు పొరపాటును చెప్పకుండ ముందుకు పోలేను. ఎమిటరున కనబడు కిలో ఓమును బట్టి లెక్కించి 10 మైక్రోఫారడ్లు చాలుననుకొందురు. కాని కండెన్సరునకు ఎదురగునది లోపలి 24 ఓములే కావున, 660 హెర్ట్జులకు దిగువనున్న స్వరములన్నియు క్రమముగా క్షీణించును. మృదంగపు తొప్పి గాంభీర్యము నశించి, వలంతల టంకారము మాత్రమే మిగులును. 470 మైక్రోఫారడ్లు వేసినచో ఆ హద్దు 14 హెర్ట్జులకు దిగును. సంవత్సరముల తరబడి వేడికి ఎండిపోయిన పాత కండెన్సరు కూడ పేరునకు పెద్దదైనను ఈ చిన్నదానివలెనే ప్రవర్తించును.

ఇక సప్లయి వలన కలుగు రొద యొకటి గలదు. మన 50 హెర్ట్జుల కరెంటు, పూర్తి తరంగ రెక్టిఫయరు దాటిన పిదప 100 హెర్ట్జుల గుయ్యిమను రొదగా సప్లయిలో మిగులును. తొలి దశకు మాత్రము 1 కిలో ఓము, 470 మైక్రోఫారడ్ల జల్లెడ పెట్టినచో అది సుమారు మూడువందలవ వంతగును.

విడి ట్రాన్సిస్టరుల పద్ధతి పాతబడినదని తలపరాదు. ఇంగ్లండులో రూపర్టు నీవ్ 1970లో రూపొందించిన 1073 అను ప్రీఆంప్లిఫయరు విడి ట్రాన్సిస్టరులతో, ట్రాన్సుఫార్మరులతో నిర్మితమై, నేటికిని స్టూడియోలలో ఆదరము పొందుచున్నది. విడి ట్రాన్సిస్టరులకు బదులు వాడు ఐ.సి.లు చవుక, చిన్నవి, నమ్మదగినవి. వానిని నేను నిందింపను. కాని ఐ.సి. లోపలికి మన చేయి పోదు. విడి ట్రాన్సిస్టరు దశలో ప్రతి భాగమును పాటకునకు, వాద్యమునకు, సభకు తగినట్లు మార్చుకొనవచ్చును.

మైకుసెట్టు నడుపు సోదరులారా, పాత మిక్సరును పాతసామానులవానికి ఇచ్చుటకు ముందు కలెక్టరు వోల్టేజి కొలువుడు, ఎమిటరు కండెన్సరును మార్పుడు, పిదప 100 ఓములు చేర్చి వినుడు. ఒక్కొక్క పర్యాయము ఒక్క భాగమునే మార్పుడు.