అయోవా ఓటరు ముందున్న తుపాకీ ప్రశ్న

అమెరికాలోని అయోవా రాష్ట్ర ఓటర్లు 2022 నవంబరు 8న నాయకులను ఎన్నుకోవడంతోపాటు ఆ రాష్ట్ర రాజ్యాంగ సవరణ ఒకదానిపై అవుననో కాదనో చెప్పవలసి వచ్చింది. అక్కడ స్థిరపడి పౌరసత్వం పొందిన తెలుగువారికీ ఈ బాధ్యత ఉండేది. అందుకే ఆ సవరణలో ఏముందో సంఘాలకు వివరించాలనుకున్నాము.

అందులో ముఖ్యంగా మూడు మాటలున్నాయి. ఆయుధాలు కలిగి ఉండే ప్రజల హక్కుకు భంగం కలగకూడదు. అది ప్రతి వ్యక్తికీ చెందిన మౌలికమైన హక్కు. దానిపై పెట్టే ఏ ఆంక్షనైనా న్యాయస్థానాలు అత్యంత కఠినంగా పరీక్షించాలి.

మొదటి రెండూ కొత్తవి కావు. దేశ రాజ్యాంగపు రెండో సవరణ ఈ హక్కును వ్యక్తులకు ఇస్తుందని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అది రాష్ట్రాలకూ వర్తిస్తుందని 2010లో తీర్పునిచ్చింది. కాబట్టి సవరణ వీగిపోయి ఉన్నా ఎవరి తుపాకీ పోయేది కాదు.

అసలు సంగతి మూడో మాటలో ఉంది. ఒక తుపాకీ చట్టాన్ని ఎవరైనా సవాలు చేస్తే, దాని అవసరం చాలా బలమైనదనీ, అవసరానికి మించి ఒక్క అడుగు కూడా వేయలేదనీ ప్రభుత్వమే రుజువు చేయాలి. లేకపోతే చట్టం నిలవదు.

ఆయుధ హక్కును తమ రాజ్యాంగంలో రాసుకోని ఆరు రాష్ట్రాల్లో అయోవా అప్పట్లో ఒకటి, ఆ లోటు తీరాలని సమర్థకులు అన్నారు. కొనుగోలుదారుల నేపథ్య తనిఖీల వంటి చట్టాలు బలహీనపడతాయని వ్యతిరేకులు భయపడ్డారు. లూసియానా 2012లో, మిస్సోరి 2014లో ఇలాంటి సవరణలే చేసుకున్నాయి. ఆ తర్వాత, నేరస్థులకు తుపాకీ నిషేధించే చట్టాలపై కేసులు పడ్డాయి. రెండు రాష్ట్రాల సుప్రీంకోర్టులూ ఆ చట్టాలను నిలబెట్టాయి. అంటే చట్టాలన్నీ ఒక్కసారిగా కూలిపోవు. కానీ ప్రతి చట్టమూ న్యాయస్థానంలో గట్టిగా నిలదొక్కుకోవలసి వస్తుంది.

మరొకటి మరువకూడదు. మామూలు చట్టాన్ని ఒక్క సమావేశంలో మార్చవచ్చు. అయోవా రాజ్యాంగాన్ని మార్చాలంటే వరుసగా రెండు శాసనసభలు ఆమోదించాలి, ఆపైన ప్రజలు ఓటు వేయాలి. ఇప్పుడు చేర్చిన మాటను రేపు తీసేయడం సులభం కాదు.

2022 జూన్ 2న ఏమ్స్ పట్టణం దగ్గర ఒక చర్చి పార్కింగ్ స్థలంలో ఇద్దరు యువతులను ఒకడు కాల్చి చంపాడు. ఆ వార్త విని, ఆత్మరక్షణకు తుపాకీ కావాలనుకున్నవారు ఉన్నారు, తుపాకులకు కట్టడి కావాలనుకున్నవారూ ఉన్నారు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఆరాధించే సహోదరులే. పక్కవారి విశ్వాసాన్ని ఆ ఓటుతో కొలవవద్దని మా మనవి.

ఓటు వేసే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే ఉండేది: పొరుగువాని ప్రాణం కాపాడేందుకు రేపటి శాసనకర్తలకు ఎంత వెసులుబాటు ఉండాలి? ఆ ఓటు జవాబు చెప్పింది దానికే.